ఆగిన మెషిన్ల సెల్ మళ్ళీ ఆటో మోడ్‌లోకి ఎలా రావాలి

(బెంగళూరు పీణ్యలో ఒక ఆదివారం ఉదయం తెలుగు ఇంజనీర్లు, టెక్నీషియన్లు, డిప్లొమా విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం. చివర్లో రెండు ప్రశ్నలు, జవాబులు.)

అందరికీ నమస్కారం. ఇక్కడున్నవాళ్ళలో చాలామంది రాత్రి షిఫ్టు దిగి నేరుగా వచ్చారని తెలుసు. అందుకని ఉపోద్ఘాతం పెంచను, విషయంలోకి వచ్చేస్తాను.

ఈరోజు మాట్లాడుకోబోయేది ఫ్లెక్సిబుల్ మాన్యుఫాక్చరింగ్ సిస్టంలలో, అంటే మనం ఎఫ్ఎంఎస్ అనే వాటిలో, ఆపరేటింగ్ మోడ్‌ల గురించి. కొన్ని మెషిన్లనీ, వాటి మధ్య పని మోసే బండినీ కలిపి ఒకే కంప్యూటర్ నడిపితే అది ఎఫ్ఎంఎస్. ప్యానెల్ మీద తాళంచెవి పెట్టి తిప్పే స్విచ్ ఉంటుంది కదా: ఆటో (దానంతటదే నడవడం), మాన్యువల్ (మనిషి నడపడం), సెట్టింగ్ (సర్దుబాటు), మెయింటెనెన్స్ (మరమ్మతు). ఆ స్విచ్ తిప్పగానే వెనకాల సాఫ్ట్‌వేర్‌లో ఏం జరగాలి? ఒక మెషిన్‌లో మోడ్ మారితే పక్క మెషిన్ ఏం చెయ్యాలి? దీన్ని ముందుగా కాగితం మీద ఎలా గీసుకోవాలి? ఇదీ సంగతి.

నా అభిప్రాయం మొదట్లోనే చెప్పేస్తాను. ఎఫ్ఎంఎస్‌లో ఆటో సైకిల్ రాయడం పెద్ద కష్టం కాదు. ఏదో కారణంతో సిస్టం ఆగింది, మధ్యలో మనిషి వెళ్ళి చెయ్యి పెట్టాడు, ఆ తర్వాత అది మళ్ళీ క్షేమంగా ఆటోలోకి రావాలి. కష్టమంతా అక్కడుంది. మన దగ్గర ప్రాజెక్టులు దీనికి సరిగ్గా తిరగేసి నడుస్తాయి. మొదటి నెలంతా ఆటో సైకిల్ మీద పోతుంది, రీస్టార్ట్ సంగతి కమిషనింగ్ (కస్టమర్ దగ్గర పెట్టి నడిపి చూపించే పని) చివరి వారంలో, కస్టమర్ నెత్తిన కూర్చున్నప్పుడు గుర్తొస్తుంది. ఈ వరస మారాలని చెప్పడానికే వచ్చాను.

కొంచెం చరిత్ర. 1960లలో లండన్‌లో మోలిన్స్ అనే సిగరెట్ యంత్రాల కంపెనీలో థియో విలియమ్సన్ అనే ఇంజనీరు ఒక వ్యవస్థ రూపొందించాడు. దాని పేరు సిస్టం 24. పగలు మనుషులు జాబ్‌లను, అంటే కోయాల్సిన ముక్కలను, ప్యాలెట్లనే పలకల మీద బిగించి పెడితే, రాత్రంతా మెషిన్లు వాటంతటవే తీసుకుని కోసుకుంటూ పోవాలి, అలా 24 గంటలూ పని సాగాలి అన్నది ఆయన ఆలోచన. ఎఫ్ఎంఎస్ ఆలోచనకు మూలాల్లో అదొకటి. ఒక్కసారి గమనించండి. రాత్రి మనిషి లేడంటే, ఏదన్నా తేడా వచ్చినప్పుడు నిర్ణయం తీసుకునేవాడు లేడన్నమాట. ఆపాలా, ఆ ఒక్క మెషిన్‌ని వదిలేసి మిగతావి నడపాలా, పొద్దున మనిషి వచ్చేసరికి సిస్టం ఏ స్థితిలో కనబడాలి? మోడ్‌ల సమస్య ఎఫ్ఎంఎస్‌తో పాటే పుట్టింది.

ఇప్పుడు మన కళ్ళముందు ఒక సెల్, అంటే కలిసి పనిచేసే మెషిన్ల గుంపు, పెట్టుకుందాం. రెండు హారిజాంటల్ మెషినింగ్ సెంటర్లు, అంటే కటర్‌ని అడ్డంగా పట్టుకుని లోహాన్ని కోసే మెషిన్లు. వాటి ముందు పట్టాల మీద నడిచే బండి, ఒకసారికి ఒకే ప్యాలెట్ మోస్తుంది. ప్యాలెట్లు పెట్టడానికి 6 గదుల ర్యాక్. ఒక లోడింగ్ స్టేషన్. అందరికీ కలిపి ఒక హైడ్రాలిక్ పవర్ ప్యాక్, ఒక చిప్ కన్వేయర్. వీటన్నిటినీ పైనుంచి నడిపే కంప్యూటర్, సెల్ కంట్రోలర్. లెక్క తేలిగ్గా ఉండడానికి మెషిన్ల ముందు ప్యాలెట్లు మార్చే పరికరం, ప్యాలెట్ ఛేంజర్, లేదనుకుందాం.

ఇలాంటి ఒక సెల్‌లో జరిగిన సంగతి చెబుతాను. ఫ్యాక్టరీ పేరు అక్కర్లేదు. రాత్రి షిఫ్టులో రెండో మెషిన్‌లో టూల్ విరిగింది. అలారం వచ్చింది, మెషిన్ ఆగింది. ఆపరేటర్ తెలివైనవాడు, పని తెలిసినవాడు. ఆ జాబ్ ఇక పనికిరాదని చూసుకున్నాడు. బండిని మాన్యువల్‌లో పెట్టి, నొక్కినంతసేపే కదిలించే జాగ్ బటన్ నొక్కుతూ, ఆ ప్యాలెట్‌ని మెషిన్‌లోంచి తీసి ర్యాక్‌లో నాలుగో గదిలో పెట్టాడు. టూల్ మార్చాడు. అన్నిటినీ ఆటోలోకి తిప్పి స్టార్ట్ కొట్టాడు. అతను చేసిన ప్రతి పనీ సబబే.

సెల్ కంట్రోలర్ మెమరీలో ఏముంది? ఆ ప్యాలెట్ ఇంకా రెండో మెషిన్‌లోనే ఉందని, నాలుగో గది ఖాళీ అని. మాన్యువల్‌లో ఉన్నంతసేపూ ఆ ప్రోగ్రాం తన పట్టికను అప్‌డేట్ చెయ్యడం మానేసింది. ఆటోలోకి రాగానే పాత పట్టికనే నమ్మి, మొదటి మెషిన్‌లో పూర్తయిన ప్యాలెట్‌ని తీసుకెళ్ళి నాలుగో గదిలోకి తోసింది. లొకేటింగ్ పిన్నులు వంగిపోయాయి, బండి ఫోర్కు పక్కకి తిరిగింది. మనుషులెవరికీ ఏమీ కాలేదు. బాధేమిటంటే, ఆ గదిలో ప్యాలెట్ ఉందో లేదో చెప్పే సెన్సర్ ఉంది. అది పనిచేస్తూనే ఉంది. దాన్ని అడిగిన వాళ్ళే లేరు.

పొద్దున తప్పంతా ఆపరేటర్ మీదకి తోశారు. నేను ఒప్పుకోను. ‘మాన్యువల్ నుంచి ఆటోకి’ అనే మార్పును ఎవరూ డిజైన్ చెయ్యలేదు. స్విచ్ తిప్పితే బిట్ ఒకటి మారేలా రాసి ఊరుకున్నారు.

ఆ మార్పు ఎలా ఉండాలి? మాన్యువల్‌లోకి వెళ్ళిన యూనిట్ చేరుకోగల ప్రతి స్థానం మీదా కంట్రోలర్ తన మెమరీలో ‘సరిచూడాలి’ అని గుర్తు పెట్టుకోవాలి. బండి మాన్యువల్‌లోకి వెళ్ళిందా, అది చేరుకోగల గదులు, మెషిన్లు అన్నీ అనుమానమే. ఆటో అడిగినప్పుడు సెన్సర్లను చదవాలి, ప్యాలెట్‌కి ట్యాగ్ ఉంటే నంబరు చదవాలి, పట్టికతో పోల్చాలి. తేడా ఉంటే స్క్రీన్ మీద ఆ గది చూపించి, మనిషి చేత ఒప్పించాలి. అంతా కుదిరాకే ఆటో. అందుకే నేను రాసే ఏ ప్రోగ్రాంలోనైనా ప్రతి యూనిట్‌కీ రెండు వేరియబుల్స్ ఉంటాయి: అడిగిన మోడ్ ఒకటి, వాస్తవంగా ఉన్న మోడ్ ఒకటి. స్విచ్ తిప్పితే మారేది మొదటిది మాత్రమే. రెండోది షరతులన్నీ తీరితేనే మారుతుంది. ఈ ఒక్క అలవాటుతో చాలా ప్రమాదాలు తప్పుతాయి.

యంత్రాల విద్యుత్ భద్రతకు ఐఈసీ 60204-1 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. అందులో ఈ విషయం స్పష్టంగా ఉంది: మోడ్ ఎంచుకున్నంత మాత్రాన యంత్రం కదలకూడదు, స్టార్ట్ వేరుగా ఇవ్వాలి. ఎమర్జెన్సీ స్టాప్ బటన్‌ని తిప్పి విడిపించినంత మాత్రాన కూడా యంత్రం లేవకూడదు, లేవడానికి అనుమతి మాత్రమే రావాలి.

ఇక అన్ని యూనిట్లనీ కలిపి చూద్దాం. మన సెల్‌లో లెక్కపెడితే 7 యూనిట్లు. ఒక్కోదానికి ఆటో, మాన్యువల్, సెట్టింగ్, ఆగి ఉండడం, లోపం, ఇలా 5 స్థితులు అనుకున్నా, మొత్తం కలయికలు ఐదుని ఏడుసార్లు హెచ్చవేస్తే 78,125. ఇన్నిటినీ ఎవరు పరీక్షిస్తారు? వీటిలో చాలావాటికి అర్థమే లేదు. పవర్ ప్యాక్ ఆగి ఉండి మెషిన్ ఆటోలో ఉండడం అన్నది ఉండకూడని కలయిక. కాబట్టి మోడ్‌లను మెట్లుమెట్లుగా గీయాలి. పైన సెల్ మోడ్, కింద యూనిట్ల మోడ్‌లు, ఏ పై మోడ్‌లో ఏ కింది మోడ్‌లు చెల్లుతాయో ఒక పట్టిక. ఇలా పెట్టెలో పెట్టెగా స్థితులను గీసే పద్ధతిని డేవిడ్ హారెల్ 1987లో స్టేట్‌చార్ట్‌ల పేరుతో ప్రచురించాడు. అది మన పనికి అతికినట్టు సరిపోతుంది.

చాలా ఏళ్ళుగా నేను వాడుతున్నది మాత్రం ఫ్రాన్స్ నుంచి వచ్చిన జెమ్మా. 1980ల తొలినాళ్ళలో అక్కడ అడెపా అనే సంస్థ దీన్ని తెచ్చింది. అది సిద్ధాంతమేమీ కాదు, ఒక కాగితం. దానిమీద 16 గళ్ళు ముందే అచ్చువేసి ఉంటాయి. మూడు కుటుంబాలు: నడక గళ్ళు 6, ఆగుడు గళ్ళు 7, లోపం గళ్ళు 3. మన యంత్రానికి ఏ గడి కావాలో అందులో మన భాషలో రాసుకుంటాం, అక్కర్లేనిది కొట్టేస్తాం, గడి నుంచి గడికి బాణం గీసి దానిమీద షరతు రాస్తాం. సాదాసీదాగా ఉందని చిన్నచూపు చూడకండి. ఆ కాగితం ముందు కూర్చుంటే అడగడం మర్చిపోయిన ప్రశ్నలన్నీ అదే అడుగుతుంది.

గళ్ళ లెక్క చూడండి. నడకకి 6, ఆగడానికి 7. ఆగడంలో ఇన్ని రకాలా అనిపిస్తుంది. సైకిల్ చివర ఆగమన్నారు, అదొకటి. ఫలానా చోట ఆగమన్నారు, అదొకటి. ఆగి ఉంది, కానీ మొదటి స్థితిలో లేదు, అదింకొకటి. ఆ తర్వాత నాకు ప్రాణప్రదమైన మూడు గళ్ళున్నాయి: లోపం తర్వాత మళ్ళీ నడపడానికి సిద్ధం చెయ్యడం, యంత్రాన్ని మొదటి స్థితికి తేవడం, ఏదో ఒక నిర్దిష్ట స్థితికి తేవడం. నేను చూసిన డాక్యుమెంట్లలో ఎక్కువసార్లు ఖాళీగా ఉండేవి సరిగ్గా ఈ మూడే. ఆ ఖాళీని రాత్రి రెండు గంటలకి ఆపరేటర్ తన బుర్రతో నింపాలన్నమాట.

ఆగడం గురించి ఇంకాస్త దగ్గరికెళ్ళి చూద్దాం. మెషిన్ లోపల ట్యాపింగ్, అంటే రంధ్రంలో మరలు కోసే పని, నడుస్తోంది. ఎం8 ట్యాప్ రంధ్రంలో సగం దూరం దిగింది. రిజిడ్ ట్యాపింగ్‌లో టూల్‌ని తిప్పే స్పిండిల్ తిరగడమూ, టూల్ లోపలికీ బయటికీ వెళ్ళే జడ్ యాక్సిస్ కదలడమూ ఒకదానికొకటి కట్టేసినట్టు ఉంటాయి. ఒక చుట్టు తిరిగితే ఒక పిచ్ (ఒక మర దూరం) లోపలికి వెళ్ళాలి, అంతే. ఇప్పుడు ఎవరో ఎమర్జెన్సీ కొట్టారు. ఇందాకటి ఐఈసీ ప్రమాణంలో ఆపడానికి మూడు తరగతులున్నాయి. సున్నా తరగతి అంటే కరెంటు వెంటనే తీసెయ్యడం. ఒకటో తరగతి అంటే అదుపులో ఆపి, ఆ తర్వాత కరెంటు తీసెయ్యడం. రెండో తరగతి అంటే అదుపులో ఆపి, కరెంటు అలాగే ఉంచడం. ఎమర్జెన్సీకి సున్నా గానీ ఒకటి గానీ ఉండాలి, రెండోది పనికిరాదు. సున్నా పెట్టారనుకోండి, స్పిండిల్ తన జోరులో తాను తిరుగుతూ ఆగుతుంది, జడ్ యాక్సిస్ వేరుగా ఆగుతుంది. లంకె తెగింది, ట్యాప్ విరిగింది. ఒకటో తరగతి పెడితే రెండూ కలిసే ఆగుతాయి, ట్యాప్ రంధ్రంలో చెక్కుచెదరకుండా ఉంటుంది.

అయితే కథ అక్కడితో అయిపోలేదు. ట్యాప్ ఇంకా రంధ్రంలోనే ఉంది. ఇప్పుడు ఆపరేటర్ రీసెట్ కొట్టి, హోమ్‌కి, అంటే మొదటి స్థానానికి, పంపించే బటన్ నొక్కితే జడ్ నేరుగా బయటికి లాగుతుంది. అప్పుడు విరుగుతుంది. అంటే ‘మొదటి స్థితికి తేవడం’ అన్న గడిలో ఒక ప్రశ్న ఉండాలి: ఆగేటప్పటికి ట్యాపింగ్ నడుస్తోందా? అవునంటే ముందు స్పిండిల్‌ని వెనక్కి తిప్పుతూ జడ్‌ని లంకెలోనే బయటికి తియ్యాలి, తర్వాతే హోమ్. కొన్ని కంట్రోలర్లలో దీనికి ప్రత్యేక ఆప్షన్ ఉంటుంది. అది కొన్నారా, కొని ఆన్ చేశారా, సెల్ కంట్రోలర్ దాన్ని పిలుస్తోందా? ఈ మూడూ వేరువేరు విషయాలు.

జాబ్‌ని బిగించి పట్టుకునే ఫిక్స్చర్ క్లాంపులకీ ఇదే వర్తిస్తుంది. వాల్వులో సొలెనాయిడ్ (కరెంటుతో వాల్వును నెట్టే చుట్ట) ఒకటే ఉండి స్ప్రింగు వెనక్కి నెట్టే రకమైతే, కరెంటు పోగానే వాల్వు తన మొదటి వైపుకి వచ్చేస్తుంది. ఆ మొదటి వైపు ‘వదిలెయ్’ అయిందా, కటర్ తగులుతుండగా జాబ్ వదులైపోతుంది. రెండు సొలెనాయిడ్లు, డిటెంట్ (ఉన్నచోటే పట్టి ఉంచే గాడి) ఉన్న వాల్వు అయితే ఉన్నచోటే ఉంటుంది. దాంతోపాటు చెక్ వాల్వో అక్యుమ్యులేటరో ఉంటే ఒత్తిడి కూడా నిలుస్తుంది. మోడ్‌ల డిజైన్ అంటే సాఫ్ట్‌వేర్ వాళ్ళ పని అనుకుంటారు. హైడ్రాలిక్ సర్క్యూట్ గీసేవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకోకుండా జెమ్మా కాగితం నింపడం వ్యర్థం.

ఇప్పుడు సిద్ధాంతం వైపు ఒక అడుగు. 1980లలో రామడ్జ్, వోన్‌హమ్ అనే ఇద్దరు సూపర్వైజరీ కంట్రోల్ అనే పద్ధతి తెచ్చారు. అందులో నాకు నచ్చిన విషయం సంఘటనలను రెండుగా విడదీయడం. ‘బండి బయలుదేరు’ అన్నది మనం ఆపగల సంఘటన. ‘టూల్ విరిగింది’ అన్నది మనం ఆపలేనిది. సూపర్వైజర్, అంటే పైనుంచి అదుపు చేసే ప్రోగ్రాం, చెయ్యగలిగిందల్లా మొదటి రకాన్ని ఆపడమే. కాబట్టి చెడు స్థితికి ఒక్క అడుగు ముందు ఆగుదామనుకుంటే కుదరదు. ఆ ఒక్క అడుగు టూల్ విరగడమే అయితే ఎలా ఆపుతారు? ఇంకా వెనక్కి వెళ్ళి, మన చేతిలో ఉన్న చివరి సంఘటన దగ్గరే ఆపాలి. పాతకాలపు ఇంటర్‌లాక్‌లు (షరతు తీరితేగానీ కదలనివ్వని అడ్డులు) రాసే పెద్దవాళ్ళకి ఇది అనుభవంతో తెలుసు. వీళ్ళు దాన్ని గణితంగా చూపించారు.

ఇక డెడ్‌లాక్. ఇరుకు సందులో ఎదురెదురుగా వచ్చి ఇరుక్కున్న రెండు ఆటోరిక్షాల్లాంటిది. మొదటి మెషిన్‌లో ఉన్న జాబ్ తర్వాత రెండో మెషిన్‌కి వెళ్ళాలి. రెండో మెషిన్‌లో ఉన్నది మొదటి దానికి రావాలి. ర్యాక్‌లో ఒక్క గది ఖాళీగా ఉన్నా గొడవ లేదు, ఒకదాన్ని అక్కడ పెట్టి రెండోదాన్ని మార్చుకోవచ్చు. గది లేకపోతే అంతా ఆగిపోతుంది. బండి ఒకదాన్ని ఎత్తుకుని నిలబడినా లాభం లేదు, దాని చేతులు నిండాయి కదా. అలారం కూడా రాదు, ఎందుకంటే లోపం ఏదీ లేదు. అన్నీ ఆటోలో, పచ్చదీపాలతో, కదలకుండా ఉంటాయి.

ఇది గీసి చూపించడానికి పెట్రి నెట్లు బాగా పనికొస్తాయి. కార్ల్ ఆడమ్ పెట్రి 1962లో తన డాక్టరేట్ సిద్ధాంత వ్యాసంలో వేసిన పునాది అది. వలయాలు అంటే స్థానాలు, వాటిలో చుక్కలు అంటే ప్యాలెట్లు, గీతలు అంటే కదలికలు. ఎఫ్ఎంఎస్‌లలో డెడ్‌లాక్‌ని పెట్రి నెట్లతో ఎలా నివారించాలో చూపిన తొలి పరిశోధనల్లో ఒకటి మన ఊరిదే. ఇక్కడి ఐఐఎస్‌సీ (భారతీయ విజ్ఞాన సంస్థ) నుంచి విశ్వనాథం, నరహరి, జాన్సన్ అనే మరో పరిశోధకుడితో కలిసి 1990లో ఐఈఈఈ రోబోటిక్స్ అండ్ ఆటోమేషన్ పత్రికలో ప్రచురించారు. ఇక్కడి పిల్లలు దాన్ని చదవాలని నా కోరిక. పీణ్య నుంచి ఆ క్యాంపస్ ఎంతో దూరం లేదు.

దీనికీ మోడ్‌లకీ ఉన్న సంబంధం దగ్గరే చాలామంది జారిపోతారు. మన సెల్‌లో ర్యాక్ గదులు 6, మెషిన్లు 2, మొత్తం 8 చోట్లు. లోడింగ్ స్టేషన్‌లో ఎప్పుడూ మనిషి ఒక ప్యాలెట్ మీద పనిచేస్తుంటాడు కాబట్టి దాన్నీ, ఆ ప్యాలెట్‌నీ పక్కన పెడదాం. లోపల 7 ప్యాలెట్లు తిప్పుతున్నాం. ఎప్పుడూ ఒక చోటు ఖాళీ, డెడ్‌లాక్ రాదు. రుజువైంది, సంతకాలు అయ్యాయి. ఆరు నెలల తర్వాత ఐదో గది సెన్సర్ పాడైంది. మెయింటెనెన్స్ అతను స్క్రీన్ మీద ఆ గదిని డిసేబుల్ చేశాడు. ఇప్పుడు చోట్లు 7, ప్యాలెట్లు 7. మనం చేసిన రుజువు ఆ క్షణం నుంచి చెల్లదు. ఎవరికీ తెలియదు. మెషిన్లలో ఉన్న జాబ్‌లు పూర్తయ్యేదాకా బాగానే నడుస్తుంది కూడా. ఆ తర్వాత పూర్తయిన ప్యాలెట్‌ని పెట్టడానికి చోటు లేక ఆగిపోతుంది.

మోడ్ మారితే సిస్టం ఆకారమే మారిపోతుంది. జెమ్మాలో ‘లోపం ఉన్నా ఉత్పత్తి’ అని ఒక గడి ఉంది. ఎఫ్ఎంఎస్‌కి అదే ప్రాణం, ఒక మెషిన్ పడుకున్నా ఇంకోదాంతో పని నడవాలనే కదా అంత డబ్బు పోశాం. ఆ గడిలోకి వెళ్ళే బాణం మీద ప్యాలెట్ల లెక్క షరతుగా ఉండాలి. గదిని డిసేబుల్ చెయ్యమంటే కంట్రోలర్ ‘ముందు ఒక ప్యాలెట్ బయటికి తియ్యి’ అని అడగాలి. తీసేవరకు కొత్త జాబ్ లోపలికి తీసుకోకూడదు. తిరిగి మామూలు ఉత్పత్తికి వచ్చేటప్పుడు మళ్ళీ ఇంకో షరతు. ప్రతి తగ్గింపు మోడ్‌కీ డెడ్‌లాక్ లెక్క కొత్తగా చెయ్యాల్సిందే.

ఇక ప్రశ్నలు అడగండి.

ప్రశ్న (ఒక యువతి): సార్, మాది చిన్న షాపు. రెండు వీఎంసీలు (కటర్ నిలువుగా ఉండే మెషినింగ్ సెంటర్లు), మధ్యలో ఒక రోబో. ఇంత తతంగం మాకు అవసరమా?

అవసరమేనమ్మా. చిన్న సెల్ కాబట్టి ఒక్క పూటలో అయిపోతుంది. ఒక పెద్ద షీటు తీసుకుని 16 గళ్ళూ గీయండి. మీ రోబో మెషిన్ తలుపు లోపల చెయ్యి పెట్టి ఉండగా కరెంటు పోయిందనుకోండి. తిరిగి వచ్చాక ఎవరు ముందు కదలాలి? రోబో ఏ దారిలో వెనక్కి రావాలి? గ్రిప్పర్‌లో జాబ్ ఉందో లేదో ఎలా తెలుస్తుంది? ఈ మూడింటికి జవాబు రాస్తే సగం పని అయినట్టే. రోబోని టీచ్ చేసేటప్పుడు, అంటే దానికి దారి నేర్పేటప్పుడు, తగ్గించిన వేగం సెకనుకి 250 మిల్లీమీటర్లు దాటకూడదన్నది రోబోల భద్రతా ప్రమాణం. మీ సెల్‌లో మాన్యువల్‌కి మార్చగానే ఆ హద్దు నిజంగా పడుతోందా అన్నది రేపే వెళ్ళి చూడండి.

ప్రశ్న (ఒక సీనియర్ ఫిట్టర్): సార్, మీరు చెప్పేవన్నీ బాగున్నాయి. కానీ షాపులో, తలుపు తెరిస్తే మెషిన్‌ని ఆపే డోర్ స్విచ్‌ని బైపాస్ చెయ్యకుండా పని జరగదు. ఇది మీకూ తెలుసు, మాకూ తెలుసు.

తెలుసన్నా. మీరు అడిగినందుకు చాలా సంతోషం, ఎందుకంటే ఈ మాట పైకి ఎవరూ అనరు. మీ కుర్రాడు డోర్ స్విచ్‌లో ఇంకో కీ ఎందుకు దూరుస్తాడు? కూలంట్ సరిగ్గా టూల్ మొన మీద పడుతోందో లేదో చూడాలి. తలుపు వేస్తే అద్దం మీద చిమ్మి ఏమీ కనబడదు. అతనికి కావలసిన పనికి మెషిన్‌లో మోడ్ లేదు. లేదు కాబట్టి తనే ఒకటి తయారుచేసుకున్నాడు. పూర్తి వేగంతో, రక్షణ లేకుండా. మనం ఇవ్వాల్సింది సెట్టింగ్ మోడ్: తాళంచెవి ఉన్నవాడికే, తగ్గించిన వేగంతో, బటన్ నొక్కి పట్టుకున్నంతసేపే కదిలేలా, సెల్ కంట్రోలర్‌కి ఆ మెషిన్ తన చేతిలో లేదని తెలిసేలా, బండి ఆ తలుపు వైపు రాకుండా. మీరొక పని చెయ్యండి. మీ షాపులో పోయిన నెల బైపాస్ చేసిన ప్రతిసారీ ఎందుకు చేశారో, లోపల ఏం చూడాలనుకున్నారో కుర్రాళ్ళని అడిగి రాయించండి. కోప్పడకుండా అడగండి, అప్పుడే నిజం చెబుతారు. ఆ కాగితం తీసుకుని మీ మెషిన్ కంపెనీ సర్వీస్ ఇంజనీరు దగ్గర కూర్చోండి. సెట్టింగ్ మోడ్‌లో ఏమేం ఉండాలో అందులోనే ఉంటుంది.